సి.కె.నాయుడు

సి.కె.నాయుడుగా ప్రసిద్ధుడైన కొఠారి కనకయ్య నాయుడు (అక్టోబరు 31, 1895 - నవంబరు 14, 1967) భారత టెస్ట్ క్రికెట్ జట్టుకు మొట్టమొదటి కెప్టెన్. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించి, ఇండోరు సంస్థానంలో స్థిరపడి, దాదాపు అర్ధ శతాబ్దం పాటు ప్రథమ శ్రేణి క్రికెట్ ఆడాడు. కుడిచేతి వాటం బ్యాట్స్‌మన్‌గా, బౌలర్‌గా, కెప్టెన్‌గా మూడు విధాలా రాణించాడు. బంతిని మైదానం అవతలికి కొట్టడంలో అతనికి ఆ కాలపు భారతదేశంలో సాటి లేదు. భారత జట్టు పగ్గాలు రాజుల, యువరాజుల చేతుల్లో ఉండే రోజుల్లో ఆటలో ప్రతిభ ఒక్కటే ఆధారంగా ఆ పదవిని అందుకున్నవాడు నాయుడు. భారత ప్రభుత్వం 1956లో పద్మభూషణ్ పురస్కారంతో సత్కరించింది. ఈ పురస్కారం పొందిన మొదటి క్రికెటర్ అతనే.

కుటుంబ నేపథ్యం, బాల్యం

నాయుడు పూర్వీకులు తెలుగువారు. తాత నారాయణస్వామి నాయుడు నాగపూరులో న్యాయవాదిగా, భూస్వామిగా పేరు గడించాడు. భారత జాతీయ కాంగ్రెసు తొలినాళ్ళలో అందులో పాలుపంచుకున్నవారిలో అతనొకడు. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు కేంబ్రిడ్జిలో న్యాయశాస్త్రం చదివి వచ్చి, కొంతకాలం హోల్కర్ సంస్థానంలో న్యాయమూర్తిగా పనిచేశాడు. ఈ విధంగా చదువు, సంపద రెండూ ఉన్న ఇంట 1895 అక్టోబరు 31న నాగపూరులో కనకయ్య నాయుడు జన్మించాడు.

నాయుడు క్రికెట్ నేర్చుకున్నది నాగపూరులోనే. పాఠశాల రోజుల నుంచే ఆటలో చురుకుగా ఉండేవాడు. ఆరడుగుల పైచిలుకు ఎత్తు, సన్నగా ఉన్నా దృఢమైన శరీరం, పొడవైన చేతులు అతనికి సహజంగా అబ్బిన వరాలు. మద్యానికి, విలాసానికి దూరంగా ఉంటూ శరీర దారుఢ్యాన్ని క్రమశిక్షణతో కాపాడుకున్నాడు. అరవై ఏళ్ళు దాటిన తరువాత కూడా పోటీ క్రికెట్ ఆడగలగడానికి ఈ అలవాట్లే కారణమని చెప్పవచ్చు. అతని తమ్ముడు సి.ఎస్.నాయుడు కూడా తరువాతి కాలంలో భారత జట్టు తరఫున 11 టెస్టులు ఆడాడు.

ప్రథమ శ్రేణి క్రికెట్‌లో ప్రవేశం

ఆ రోజుల్లో భారతదేశంలో రంజీ ట్రోఫీ లేదు. బొంబాయిలో ఏటా జరిగే చతుర్ముఖ పోటీయే దేశంలో అన్నిటికంటే పెద్ద క్రికెట్ ఉత్సవం. యూరోపియన్లు, పార్సీలు, హిందువులు, ముస్లిములు వేరువేరు జట్లుగా అందులో ఆడేవారు. తరువాత ఐదవ జట్టు చేరినప్పుడు అది పంచముఖ పోటీ అయింది. మతాల వారీగా జట్లను ఏర్పరచే ఈ పద్ధతిపై తరువాతి కాలంలో తీవ్ర విమర్శలు వచ్చి, 1940లలో పోటీ నిలిచిపోయింది. అయితే భారతీయ ఆటగాళ్ళు యూరోపియన్లతో సమానంగా నిలిచి పోరాడగల వేదిక అప్పట్లో అదే కావడం వల్ల ప్రజలు దానిని చూడటానికి విరగబడి వచ్చేవారు.

1916లో హిందువుల జట్టు తరఫున యూరోపియన్లపై ఆడుతూ నాయుడు ప్రథమ శ్రేణి క్రికెట్‌లో అడుగుపెట్టాడు. జట్టు కష్టాల్లో ఉన్నప్పుడు చివరి వరుసలో బ్యాటింగుకు వచ్చి, మొదటి కొన్ని బంతులను జాగ్రత్తగా ఆడి, తరువాతి బంతిని సిక్సరుగా కొట్టి తన ఖాతా తెరిచాడని చెబుతారు. ఆ తరువాత సుమారు మూడు దశాబ్దాల పాటు బొంబాయి పోటీల్లో అతని పేరు మారుమోగింది. మద్రాసులో సంక్రాంతి సమయంలో భారతీయులకు, యూరోపియన్లకు మధ్య జరిగే ప్రెసిడెన్సీ మ్యాచ్‌లలో కూడా నాయుడు ఆడాడు. చేపాక్ మైదానంలో అతను కొట్టిన సిక్సర్ల గురించి మద్రాసు క్రికెట్ అభిమానులు చాలాకాలం చెప్పుకున్నారు.

ఇండోరుకు రాక

1923లో హోల్కర్ మహారాజు ఆహ్వానంపై నాయుడు ఇండోరు చేరి, సంస్థానపు సైన్యంలో అధికారి అయ్యాడు. సి.కె.నాయుడు పేరుకు ముందు కల్నల్ అన్న మాట చేరడానికి ఈ ఉద్యోగమే కారణం.

ఇంగ్లాండులో ఆ కాలంలో డబ్బు తీసుకుని ఆడేవారిని ప్రొఫెషనల్స్ అనీ, తీసుకోకుండా ఆడేవారిని అమెచ్యూర్లు అనీ విడదీసి, రెండు వర్గాలకు వేరువేరు గదులు కూడా కేటాయించేవారు. భారతదేశంలో పరిస్థితి భిన్నం. ఇక్కడ ప్రతిభ గల ఆటగాళ్ళను సంస్థానాధీశులు సైన్యంలోనో, కొలువులోనో ఉద్యోగమిచ్చి పోషించేవారు. ఆటగాడికి జీవిక దొరికేది, సంస్థానానికి పేరు వచ్చేది. కానీ ఈ ఏర్పాటులో ఒక చిక్కు ఉంది. ఆటగాడు ఎంత గొప్పవాడైనా జట్టుకు నాయకుడు మాత్రం పోషించే ప్రభువో, అతని బంధువో కావాలన్న ఆలోచన బలంగా ఉండేది. నాయుడు జీవితమంతా ఈ చిక్కు చుట్టూనే తిరిగింది.

1926 బొంబాయి ఇన్నింగ్సు

1926-27లో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఎం.సి.సి. జట్టు భారతదేశంలో పర్యటించింది. పర్యటన తొలి వారాల్లో ఈ జట్టుకు ఇక్కడ గట్టి పోటీ ఎదురు కాలేదు. బొంబాయి జింఖానా మైదానంలో హిందువుల జట్టుతో మ్యాచ్ జరిగింది. అందులో ఎం.సి.సి. తరఫున గై ఎర్ల్ సిక్సర్ల మీద సిక్సర్లు కొట్టి 130 పరుగులు చేశాడు.

1926 డిసెంబరు 1న నాయుడు దానికి జవాబు చెప్పాడు. 116 నిమిషాల్లో 153 పరుగులు చేసి, అందులో 11 సిక్సర్లు కొట్టాడు. ఒక ఇన్నింగ్సులో అన్ని సిక్సర్లు కొట్టడం అప్పటికి ప్రపంచ రికార్డు. ఒక బంతి జింఖానా భవనం పైకప్పు మీద పడింది. వార్త నగరమంతా పాకి, ఆఫీసులు వదిలి వచ్చిన జనం మైదానం చుట్టూ చెట్లమీద, ఇళ్ళ పైకప్పులమీద చేరి ఆట చూశారు. ఎం.సి.సి. అతనికి వెండి బ్యాటును బహూకరించింది.

ఈ ఇన్నింగ్సు ప్రభావం ఒక రోజుతో ముగియలేదు. భారతీయులు టెస్ట్ క్రికెట్ ఆడగల స్థాయిలో ఉన్నారని గిల్లిగన్ గుర్తించాడు. దేశమంతటికీ ఒక క్రికెట్ సంస్థను ఏర్పాటు చేసుకోవలసిందిగా ఇక్కడి పెద్దలను ప్రోత్సహించాడు. ఢిల్లీలో జరిగిన సమావేశాల తరువాత 1928 డిసెంబరులో భారత క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడింది. 1930-31లో రావలసిన ఎం.సి.సి. జట్టు పర్యటన శాసనోల్లంఘన ఉద్యమం వల్ల రద్దయింది. దీంతో భారత్ తొలి టెస్టు కోసం మరికొంత కాలం ఆగవలసి వచ్చింది. ఈ ఆలస్యాల వల్ల నాయుడు తన మొదటి టెస్టు ఆడేసరికి 36 ఏళ్ళు నిండాయి. అతని టెస్ట్ గణాంకాలను చూసేటప్పుడు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

1932 ఇంగ్లాండు పర్యటన

1932లో భారత జట్టు ఇంగ్లాండుకు బయలుదేరింది. మొదట పాటియాలా మహారాజును కెప్టెన్‌గా అనుకున్నారు. అతను వెళ్ళకపోవడంతో పోర్‌బందర్ మహారాజును కెప్టెన్‌గా, లింబ్డీ రాజకుటుంబానికి చెందిన ఘనశ్యాంసింహ్‌జీని ఉపకెప్టెన్‌గా నియమించారు. జట్టులో అందరికంటే అనుభవం, పేరు ఉన్న నాయుడుకు ఈ రెండు పదవుల్లో ఏదీ దక్కలేదు.

పోర్‌బందర్ మహారాజు ఆటగాడిగా తన పరిమితులు తెలిసినవాడు. కొద్ది మ్యాచ్‌లు మాత్రమే ఆడి, పోటీ మ్యాచ్‌లలో నాయకత్వాన్ని నాయుడుకు వదిలేశాడు. టెస్ట్ సమయానికి ఉపకెప్టెన్ కూడా గాయంతో ఉండటం వల్ల నాయుడును కెప్టెన్‌గా ప్రకటించారు. తమలో ఒకడైన ఆటగాడి కింద ఆడటానికి జట్టులో కొందరు అంగీకరించలేదనీ, మ్యాచ్‌కు ముందు రాత్రి మహారాజును నిద్రలేపి తమ అసమ్మతిని తెలిపారనీ తరువాతి కాలపు రచనల్లో కనిపిస్తుంది. చివరికి వారు ఆడటానికి ఒప్పుకున్నారు. రాజు కింద ఆడటానికి లేని అభ్యంతరం తోటి ఆటగాడి కింద ఆడటానికి రావడం ఆ కాలపు మనస్తత్వానికి అద్దం పడుతుంది.

1932 జూన్ 25న లండన్‌లోని లార్డ్స్ మైదానంలో భారత్ మొట్టమొదటి టెస్ట్ ప్రారంభమైంది. ఇంగ్లాండు కెప్టెన్ డగ్లస్ జార్డిన్. ఆ జట్టు ఓపెనర్లు పెర్సీ హోమ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ అదే నెలలో యార్క్‌షైర్ తరఫున 555 పరుగుల భాగస్వామ్యంతో ప్రపంచ రికార్డు సృష్టించి ఉన్నారు. అలాంటి జోడీని మహమ్మద్ నిస్సార్ వెంటవెంటనే పెవిలియన్‌కు పంపాడు. లాల్ సింగ్ ఫ్రాంక్ ఊలీని రనౌట్ చేశాడు. ఇంగ్లాండు 19 పరుగులకే 3 వికెట్లు కోల్పోయింది. తరువాత జార్డిన్, ఏమ్స్ నిలదొక్కుకోవడంతో 259 పరుగులు చేయగలిగింది.

ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలినా నాయుడు బ్యాటింగుకు వచ్చి 40 పరుగులు చేశాడు. 189 పరుగులకు ముగిసిన ఆ ఇన్నింగ్సులో అదే అత్యధిక స్కోరు. రెండవ ఇన్నింగ్సును ఇంగ్లాండు 8 వికెట్లకు 275 పరుగుల వద్ద డిక్లేర్ చేసింది. భారత్ 187 పరుగులకు ఆలౌటై, 158 పరుగుల తేడాతో ఓడిపోయింది. అమర్ సింగ్ 51 పరుగులు చేసి, భారత్ తరఫున టెస్టుల్లో తొలి అర్ధ శతకం సాధించాడు. ఫలితం ఓటమే అయినా కొత్త జట్టు పోరాడిన తీరు అందరి మెప్పు పొందింది.

ఆ పర్యటనలో నాయుడు ప్రథమ శ్రేణి మ్యాచ్‌లలో 40.45 సగటుతో 1,618 పరుగులు చేశాడు, 65 వికెట్లు తీసుకున్నాడు. లార్డ్స్‌లో ఎం.సి.సి.పై 118 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచాడు. బర్మింగ్‌హాంలోని ఎడ్జ్‌బాస్టన్ మైదానంలో వార్విక్‌షైర్‌పై 162 పరుగులు చేసినప్పుడు, అతను కొట్టిన ఒక సిక్సరు మైదానం పక్కనున్న రియా నదిని దాటిందంటారు. అప్పట్లో ఆ నది రెండు కౌంటీల మధ్య సరిహద్దు కావడం వల్ల, వార్విక్‌షైర్‌లో కొట్టిన బంతి వూస్టర్‌షైర్‌లో పడిందని చెప్పుకుంటారు.

ఈ ప్రదర్శనకు గుర్తింపుగా 1933 సంచికలో విజ్డెన్ ఆ ఏటి ఐదుగురు మేటి క్రికెటర్లలో ఒకడిగా నాయుడును ఎంపిక చేసింది. అంతకుముందు రంజీత్‌సింహ్‌జీ, దులీప్‌సింహ్‌జీ, పటౌడీ నవాబు ఈ గౌరవం పొందారు. అయితే వారంతా ఇంగ్లాండు క్రికెట్‌లో ఆడి దాన్ని సంపాదించినవారు. భారత జట్టు తరఫున ఆడి విజ్డెన్ గౌరవం పొందిన మొదటివాడు నాయుడు.

స్వదేశంలో తొలి టెస్టులు

1933-34లో జార్డిన్ నాయకత్వంలోని ఇంగ్లాండు జట్టు భారత్ వచ్చింది. భారత గడ్డపై తొలి టెస్ట్ 1933 డిసెంబరు 15న బొంబాయి జింఖానాలో మొదలైంది. ఏడేళ్ళ క్రితం నాయుడు 11 సిక్సర్లు కొట్టిన మైదానం అదే. ఈసారి ఎవరి గాయం వల్లనో కాక మొదటినుంచీ కెప్టెన్‌గానే అతను బరిలోకి దిగాడు.

మ్యాచ్‌లో ఇంగ్లాండు 9 వికెట్లతో గెలిచింది. కానీ భారత రెండవ ఇన్నింగ్సులో తొలి టెస్ట్ ఆడుతున్న లాలా అమర్‌నాథ్ 118 పరుగులు చేసి, భారత్ తరఫున మొదటి టెస్ట్ శతకం సాధించాడు. అవతలి వైపు నిలిచి అతనికి ధైర్యమిచ్చినవాడు నాయుడు. 67 పరుగులు చేసి, అమర్‌నాథ్‌తో కలిసి మూడవ వికెట్‌కు 186 పరుగులు జోడించాడు. కలకత్తాలో జరిగిన రెండవ టెస్ట్ డ్రాగా ముగిసింది. అందులోనే తమ్ముడు సి.ఎస్.నాయుడు తొలి టెస్ట్ ఆడాడు. మద్రాసులో జరిగిన మూడవ టెస్టులో ఇంగ్లాండు 202 పరుగులతో గెలిచి 2-0తో సిరీస్ దక్కించుకుంది. నాయుడు కెప్టెన్‌గా ఆడిన టెస్టులు ఈ మూడు, లార్డ్స్ టెస్టు కలిపి మొత్తం నాలుగు. వాటిలో మూడు ఓటములు, ఒక డ్రా.

1936 పర్యటన - కెప్టెన్సీ వివాదం

1936 ఇంగ్లాండు పర్యటనకు కెప్టెన్‌గా విజ్జీగా పేరొందిన విజయనగరం మహారాజకుమారుడు పూసపాటి విజయానంద గజపతిరాజును మండలి ఎన్నుకుంది. నాయుడు మామూలు ఆటగాడిగా అతని కింద ఆడవలసి వచ్చింది. ఇద్దరూ తెలుగువారే. ఒకరిది పుట్టుకతో వచ్చిన హోదా, మరొకరిది ఆటతో వచ్చిన హోదా. క్రికెట్ నిర్వహణకు విజ్జీ డబ్బు, శ్రమ ధారపోసిన మాట నిజమే. కానీ ఆటగాడిగా అతని సామర్థ్యం పరిమితం. ఆ పర్యటనలో ఆడిన మూడు టెస్టుల్లో మొత్తం 33 పరుగులు మాత్రమే చేశాడు.

పర్యటన మొదటినుంచీ జట్టు వర్గాలుగా చీలిపోయింది. మంచి ఫామ్‌లో ఉన్న అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో టెస్టులకు ముందే స్వదేశానికి తిప్పి పంపారు. ఓవల్ టెస్టుకు ముందు అల్పాహారం బల్ల దగ్గర నాయుడును అవమానించినందుకు ప్రతిఫలంగా ఒక ఆటగాడికి జట్టులో చోటు దొరికిందన్న కథ కూడా భారత క్రికెట్ చరిత్రల్లో తరచు కనిపిస్తుంది. ఇంత గందరగోళం మధ్య కూడా మాంచెస్టర్ టెస్టులో విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ తొలి వికెట్‌కు 203 పరుగులు జోడించి మ్యాచ్‌ను డ్రా చేయడంలో తోడ్పడ్డారు. మిగిలిన రెండు టెస్టుల్లోనూ భారత్ ఓడింది.

ఆగస్టులో ఓవల్‌లో జరిగిన చివరి టెస్ట్ నాయుడుకు కూడా చివరి టెస్ట్. అప్పటికి అతనికి 40 ఏళ్ళు దాటాయి. ఇంగ్లాండు కెప్టెన్ గబ్బీ అలెన్ వేసిన వేగవంతమైన బంతి శరీరానికి బలంగా తగిలింది. నొప్పితోనే క్రీజులో నిలిచి 81 పరుగులు చేశాడు. టెస్టుల్లో అతని అత్యధిక స్కోరు అదే.

పర్యటన తరువాత జరిగిన విషయాలపై బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ అధ్యక్షతన విచారణ సంఘం ఏర్పడింది. విజ్జీ నాయకత్వాన్ని తీవ్రంగా తప్పుపట్టిన ఆ సంఘం అమర్‌నాథ్‌ను నిర్దోషిగా తేల్చింది. అదే సమయంలో నాయుడు జట్టుకు దూరంగా మసలాడనీ, కెప్టెన్‌కు తగిన సహకారం ఇవ్వలేదనీ కూడా అభిప్రాయపడింది. గంభీరుడు, మితభాషి, ఆత్మాభిమానం ఎక్కువ ఉన్నవాడు అయిన నాయుడుకు ఆ పర్యటనలో సర్దుకుపోవడం సాధ్యపడలేదు. ఆ తరువాత భారత్ మళ్ళీ టెస్ట్ ఆడింది 1946లోనే. దీంతో అతని టెస్ట్ జీవితం ఏడు మ్యాచ్‌లతో ముగిసిపోయింది.

హోల్కర్ జట్టు నిర్మాణం

టెస్ట్ క్రికెట్ ముగిసినా నాయుడు ఆట ముగియలేదు. అతని జీవితంలో అత్యంత ఫలవంతమైన నాయకత్వ దశ ఆ తరువాతే వచ్చింది. 1934-35లో రంజీ ట్రోఫీ మొదలైంది. 1940లలో యశ్వంతరావు హోల్కర్ పోషణలో ఇండోరు కేంద్రంగా హోల్కర్ జట్టు రూపుదిద్దుకుంది. దానికి నాయుడు కెప్టెన్. ఇక్కడ పోషించేవాడు సంస్థానాధీశుడే అయినా మైదానంలో పెత్తనం పూర్తిగా నాయుడుదే.

ముస్తాక్ అలీని ఇండోరులో కుర్రవాడిగా ఉన్నప్పుడే గుర్తించి తీర్చిదిద్దినవాడు నాయుడు. చందూ సర్వటే, హీరాలాల్ గైక్వాడ్, జె.ఎన్.భాయా, ఎం.ఎం.జగ్‌దాలే, బి.బి.నింబాల్కర్ వంటి ఆటగాళ్ళు అతని కింద ఆడారు. సైన్యాధికారి కావడం వల్ల జట్టును కూడా సైనిక క్రమశిక్షణతో నడిపాడు. సమయపాలన, శారీరక దారుఢ్యం, గాయాలకు వెరవకపోవడం అతను అందరి నుంచీ కోరేవాడు. తాను పాటించని నియమాన్ని ఇతరులపై రుద్దలేదు. బొంబాయి జట్టుతో జరిగిన ఒక రంజీ మ్యాచ్‌లో దత్తూ ఫడ్కర్ వేసిన బంతి మూతికి తగిలి పళ్ళు విరిగినా, యాభై ఐదేళ్ళు దాటిన నాయుడు మైదానం విడిచి వెళ్ళకుండా ఆట కొనసాగించాడు.

1944-45 రంజీ ఫైనల్లో హోల్కర్ జట్టు బొంబాయితో తలపడింది. యుద్ధ సమయంలో సైనికుడిగా భారతదేశంలో ఉన్న ఇంగ్లాండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ హోల్కర్ తరఫున ఆడి 249 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు. ముస్తాక్ అలీ రెండు ఇన్నింగ్సుల్లోనూ శతకాలు చేశాడు. సి.ఎస్.నాయుడు ఆ మ్యాచ్‌లో 152.5 ఓవర్లు వేసి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ఇంత చేసినా బొంబాయి 374 పరుగులతో గెలిచింది.

మరుసటి ఏడాది 1945-46లో హోల్కర్ తొలిసారి రంజీ ట్రోఫీ గెలుచుకుంది. అదే సీజనులో బరోడాపై నాయుడు సరిగ్గా 200 పరుగులు చేశాడు. ప్రథమ శ్రేణి క్రికెట్‌లో అతని అత్యధిక స్కోరు ఇది, అప్పటికి అతని వయసు 50 ఏళ్ళు. మైసూరుతో జరిగిన మ్యాచ్‌లో హోల్కర్ 8 వికెట్లకు 912 పరుగులు చేసి డిక్లేర్ చేసింది. అందులో ఆరుగురు శతకాలు సాధించగా, 101 పరుగులు చేసిన నాయుడు వారిలో ఒకడు. ఒకే ఇన్నింగ్సులో ఆరు శతకాలు నమోదు కావడం ప్రపంచ రికార్డు.

1944-45 నుంచి 1952-53 వరకు తొమ్మిది సీజన్లలో హోల్కర్ జట్టు ఎనిమిదిసార్లు ఫైనల్ చేరి, నాలుగుసార్లు విజేతగా నిలిచింది. ఆ విజయాలు వరుసగా 1945-46, 1947-48, 1950-51, 1952-53 సీజన్లలో వచ్చాయి. చివరి విజయం నాటికి నాయుడుకు 57 ఏళ్ళు. జనాభాలో, వనరుల్లో బొంబాయికి ఏమాత్రం సాటిరాని ఒక సంస్థానపు జట్టు అన్నేళ్ళు దేశంలో అగ్రస్థానం కోసం పోటీపడటం అతని నాయకత్వానికి గొప్ప నిదర్శనం.

ఆంధ్ర జట్టుకు సారథ్యం

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. కోస్తా జిల్లాలతో పాటు కదిరి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలున్న అప్పటి అనంతపురం జిల్లా, తక్కిన రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రం నుంచి విడివడి ఇందులో చేరాయి. అదే 1953-54 సీజనులో ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో ప్రవేశించింది. ఆ కొత్త జట్టుకు నాయకత్వం వహించినవాడు సి.కె.నాయుడు. భారతదేశపు తొలి టెస్ట్ జట్టుకు సారథి అయిన వ్యక్తి, రెండు దశాబ్దాల తరువాత 58వ ఏట తన పూర్వీకుల భాష మాట్లాడే రాష్ట్రపు తొలి రంజీ జట్టుకు కూడా సారథి కావడం విశేషం.

చివరి సంవత్సరాలు

1956-57లో నాయుడు ఉత్తరప్రదేశ్ జట్టు తరఫున రంజీ ట్రోఫీలో ఆడాడు. ఆ సీజనులో 61 ఏళ్ళ వయసులో రాజస్థాన్‌పై 84 పరుగులు చేశాడు. ఆ ఇన్నింగ్సులో ప్రపంచ ప్రఖ్యాత స్పిన్నరు వినూ మన్కడ్ బౌలింగులో రెండు సిక్సర్లు కొట్టాడు. రంజీ ట్రోఫీలో అతని చివరి ఇన్నింగ్సులో 52 పరుగులు వచ్చాయి. 1963-64లో నాగపూరులో జరిగిన ఒక సహాయనిధి మ్యాచ్‌లో చివరిసారిగా ప్రథమ శ్రేణి క్రికెట్ ఆడాడు. అప్పటికి అతని వయసు 68 ఏళ్ళు. ఆట మొదలుపెట్టిన ఊరిలోనే ఆట ముగించినట్లయింది. 1910ల నుంచి 1960ల దాకా ఆరు వేరువేరు దశకాల్లో ప్రథమ శ్రేణి క్రికెట్ ఆడిన అరుదైన ఆటగాళ్ళలో నాయుడు ఒకడు.

ఆట నుంచి తప్పుకునే నాటికి భారత క్రికెట్ నియంత్రణ మండలి ఉపాధ్యక్షుడిగా, జట్టు ఎంపిక సంఘం అధ్యక్షుడిగా కూడా అతను సేవలందించాడు. రేడియో వ్యాఖ్యాతగానూ కొంతకాలం పనిచేశాడు. 1967 నవంబరు 14న 72వ ఏట ఇండోరులో మరణించాడు. అతని కుమార్తె చంద్రా నాయుడు ఆంగ్ల అధ్యాపకురాలిగా పనిచేసింది. భారతదేశపు తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా గుర్తింపు పొందిన ఆమె తండ్రి జీవితంపై ఒక పుస్తకం రచించింది. ఆమె 2021లో మరణించింది.

గణాంకాలు

టెస్ట్ క్రికెట్ (1932-1936): మ్యాచ్‌లు 7, పరుగులు 350, సగటు 25.00, అత్యధిక స్కోరు 81, అర్ధ శతకాలు 2, వికెట్లు 9.

ప్రథమ శ్రేణి క్రికెట్ (1916-1963): మ్యాచ్‌లు 207, పరుగులు 11,825, సగటు 35.94, అత్యధిక స్కోరు 200, శతకాలు 26, వికెట్లు 411, బౌలింగు సగటు 29.28.

టెస్టుల్లో 350 పరుగులు ఒక గొప్ప ఆటగాడికి చాలా తక్కువగా కనిపిస్తాయి. అయితే అతని యవ్వనంలో భారత్‌కు టెస్ట్ జట్టే లేదు. జట్టు ఏర్పడిన తరువాత నాలుగేళ్ళలో దొరికినవి ఏడు మ్యాచ్‌లే. ప్రథమ శ్రేణి గణాంకాలను పక్కన పెట్టి చూస్తే తప్ప అతని స్థాయి అర్థం కాదు. 26 శతకాలు, 411 వికెట్లు కలిపి చూసినప్పుడే అతను ఎంతటి ఆల్‌రౌండరో తెలుస్తుంది.

గుర్తింపు, స్మృతి చిహ్నాలు

* 1933లో విజ్డెన్ మేటి క్రికెటర్‌గా ఎంపిక.
* 1941లో ఒక టానిక్ ప్రకటనలో నాయుడు కనిపించాడు. వాణిజ్య ప్రకటనలో పాల్గొన్న తొలి భారతీయ క్రికెటర్‌గా అతన్ని పేర్కొంటారు.
* 1956లో పద్మభూషణ్ పురస్కారం.
* యువ ఆటగాళ్ళ కోసం దేశవ్యాప్తంగా జరిగే సి.కె.నాయుడు ట్రోఫీకి అతని పేరే పెట్టారు.
* భారత క్రికెట్ నియంత్రణ మండలి 1994లో కల్నల్ సి.కె.నాయుడు జీవన సాఫల్య పురస్కారాన్ని నెలకొల్పింది. దానిని మొదట అందుకున్నది లాలా అమర్‌నాథ్. 1933లో బొంబాయిలో తన మొదటి శతకం చేస్తున్నప్పుడు అవతలి వైపు నిలిచిన కెప్టెన్ పేరిట ఉన్న పురస్కారం అతనికే ముందుగా దక్కింది.
* 1996లో భారత తపాలా శాఖ నాయుడు చిత్రంతో తపాలా బిళ్ళ విడుదల చేసింది.

1950ల మధ్యలో హోల్కర్ జట్టు రద్దై, దాని స్థానంలో మధ్యభారత్, తరువాత మధ్యప్రదేశ్ జట్లు వచ్చాయి. నాయుడు సారథ్యంలో హోల్కర్ గెలిచిన 1952-53 సీజను తరువాత ఆ ప్రాంతానికి రంజీ ట్రోఫీ మళ్ళీ దక్కింది 2022లోనే. ఆ ఏడాది బెంగళూరులో జరిగిన ఫైనల్లో మధ్యప్రదేశ్ జట్టు ముంబాయిని ఓడించింది. స్వాతంత్ర్యం తరువాత సంస్థానాలు పోయాయి, కెప్టెన్ పదవిని రాజకుటుంబాలకు కట్టబెట్టే పద్ధతి కూడా క్రమంగా అంతరించింది. ఆటలో మేటి అయినవాడే జట్టును నడపాలన్న సంగతి నేడు ఎవరికీ చెప్పవలసిన పనిలేదు. దానికి భారత టెస్ట్ క్రికెట్‌లో తొలి ఉదాహరణ సి.కె.నాయుడు.